ఏఐ కార్టూన్‌కి ఏ స్టైల్ పట్టుకోవాలి? ఒక్క బొమ్మ చూసి తేల్చకండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఉప్పల్‌లో ఉంటూ ఉద్యోగం చేసుకుంటున్నారు. సాయంత్రాలు కూర్చుని పిల్లల కథల ఛానల్ మొదలుపెట్టాలని ఉంది. కథలు మీ నానమ్మ చెప్పినవి. బొమ్మలు వేయడం రాదు కాబట్టి ఏఐతో చేయిస్తున్నారు. త్రీడీ, ఆనిమే (జపాన్ కార్టూన్ల తీరు), వాటర్‌కలర్, పాత చందమామ తరహా అన్నీ చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి, ఏది ఖాయం చేసుకోవాలో తేలడం లేదు. ఏడాది సబ్‌స్క్రిప్షన్ తీసుకోవచ్చా అని కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. స్పష్టమైన ఔట్‌లైన్, ఫ్లాట్ రంగులు, తక్కువ వివరాలు ఉన్న టూడీ స్టైల్‌తో మొదలుపెట్టండి. వాటర్‌కలర్‌ని బ్యాక్‌గ్రౌండ్ల వరకే వాడుకోండి. త్రీడీ రెండో ఎంపిక. ఆనిమే మీ కథలకు నప్పదు. చందమామ తరహా గురించి చెప్పాల్సింది ఎక్కువ ఉంది, కింద రాస్తాను. ఏడాది సబ్‌స్క్రిప్షన్ మాత్రం ఇప్పుడే వద్దు.

నేను ఇక్కడ హైదరాబాద్‌లో టూడీ స్టూడియోల్లో చాలాకాలం పనిచేశాను. క్లీనప్‌తో, అంటే చిత్తు గీతల్ని శుభ్రంగా తిరగగీసే పనితో, మొదలై క్యారెక్టర్ డిజైన్ దాకా వచ్చాను. ఇప్పుడు ఏఐతో వీడియోలు చేసేవాళ్లకి స్టైల్ సెట్ చేసి ఇస్తుంటాను. అందరిలోనూ నాకు కనిపించేది ఒకటే: స్టైల్‌ని ఒక్క బొమ్మ చూసి ఎంచుకుంటారు. ఆ ఒక్క బొమ్మ అద్భుతంగా ఉంటుంది. అసలు చూడాల్సింది ఇరవయ్యో షాట్‌లో కూడా ఆ మనిషి ఆ మనిషిలాగే ఉందా అన్నది.

లెక్క వేసుకోండి. ఏఐ వీడియో టూల్స్ ఎక్కువగా ఐదు నుంచి పది సెకన్ల క్లిప్పులు ఇస్తాయి. మూడు నిమిషాల కథకు ఐదు సెకన్ల షాట్లయితే 36 కావాలి. ప్రతి షాట్‌నీ టూల్ మళ్లీ మొదటినుంచి ఊహించుకుని తయారు చేస్తుంది, ముందు షాట్ దానికి గుర్తుండదు. రెఫరెన్స్ ఇమేజ్, అంటే నమూనా బొమ్మ, ఇస్తే దగ్గరికి వస్తుందే తప్ప అచ్చుగుద్దినట్టు రాదు. ప్రతిసారీ కొత్త దర్జీ దగ్గరికి ఆది జాకెట్టు పట్టుకెళ్లినట్టే. కొలత కుదురుతుంది, మెడ కుట్టు మాత్రం మారిపోతుంది. కాబట్టి క్యారెక్టర్ మీద మారడానికి వీలున్న వివరాలు ఎన్ని తక్కువ ఉంటే మీకు అంత లాభం.

ఒక చిన్న ఉదాహరణ దగ్గరగా చూపిస్తాను. ఈసీఐఎల్ వైపు నుంచి ఒకావిడ తన వీడియో పంపారు. అందులో నానమ్మ పాత్రకి పోచంపల్లి చీర కట్టించారు. మొదటి ఫ్రేమ్‌లో చీర చూస్తే ముచ్చటేస్తుంది. ఇక్కత్ గళ్లు, అంచుకి కోణాల వరుస, అన్నీ ఉన్నాయి. నానమ్మ చెయ్యెత్తి పిల్లవాణ్ణి పిలిచే షాట్‌ని నేను ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ చూశాను. చెయ్యి లేవగానే అంచులోని కోణాలు గుండ్రంగా మారాయి. కొంగు మడత దగ్గర గళ్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి మచ్చలయ్యాయి. చెయ్యి కిందికి వచ్చేసరికి చీర మీద గళ్లకు బదులు పువ్వులున్నాయి. మామూలు వేగంతో చూసేవాళ్లకి ఇదంతా విడిగా కనపడదు, చీర బుసబుసా మరుగుతున్నట్టు అనిపిస్తుంది అంతే. చూసే పిల్లల కళ్లు నానమ్మ ముఖం వదిలి చీర మీదికి పోతాయి.

దీనికి కారణం టూల్ పనిచేసే తీరులోనే ఉంది. ఇలాంటి మోడళ్లు చాలావరకు బొమ్మని నేరుగా పిక్సెల్ పిక్సెల్‌గా వెయ్యవు. బాగా కుదించిన రూపంలో పని చేసి చివర్లో విప్పుతాయి. సన్న గీతలు, చిన్న డిజైన్లు, చుక్కల షేడింగ్, అడ్డదిడ్డ గీతల నీడలు ఆ కుదింపులో నిలవవు. విప్పేటప్పుడు ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ కొద్దిగా వేరుగా పుట్టుకొస్తాయి. మందంగా ఉన్న గీత, పెద్ద రంగు పట్టీ నిలబడతాయి. ఆవిడకి చెప్పిన పరిష్కారం ఇదే: చీర మొత్తం ఒకే ముదురు ఆకుపచ్చ, అంచు ఒక వెడల్పాటి పసుపు పట్టీ. పోచంపల్లి పోయింది. నానమ్మ మాత్రం వీడియో అంతా ఒకే నానమ్మగా ఉంది.

మన ఊళ్లోనే దీనికి పెద్ద నిదర్శనం ఉంది. గ్రీన్ గోల్డ్ సంస్థ ఇక్కడ హైదరాబాద్‌లో తయారు చేసి 2008లో టీవీకి తెచ్చిన ఛోటా భీమ్‌ని తీసుకోండి. నారింజ రంగు ధోవతి, గట్టి ఔట్‌లైన్, చదునైన రంగులు. దూరం నుంచి ఆకారం చూసినా వాడెవడో చెప్పగలం. పదిమంది ఆర్టిస్టులు పది చోట్ల కూర్చుని వేసినా ఒకేలా రావాలంటే డిజైన్ అలాగే ఉండాలి. ఏఐ రాకముందు నుంచీ స్టూడియోల్లో ఇదే సూత్రం. 1950ల్లో అమెరికాలో యూపీఏ అనే స్టూడియో కూడా తక్కువ డ్రాయింగులు, చదునైన రంగులు, సగం వదిలేసిన బ్యాక్‌గ్రౌండ్లతోనే కొత్త దారి వేసింది. వాళ్లు తక్కువ గీశారని ఎవరూ తక్కువ చేసి చూడలేదు, ఆస్కార్ కూడా వచ్చింది.

రెండో కారణం నా దృష్టిలో ఇంకా ముఖ్యం: మీరు సరిదిద్దగలిగే స్టైల్ ఎంచుకోండి. మీ నానమ్మ కథల్లో రోలు, తిరగలి, ఉట్టి, కవ్వం, గంప ఉంటాయి కదా. ఇవి ఏఐకి సరిగా రావు. ఉట్టి అంటే పూలకుండీ వేలాడదీస్తుంది. తిరగలి అంటే పిండిమర లాంటిదేదో పెడుతుంది. ఫ్లాట్ టూడీలో ఇలాంటి తప్పు వస్తే ఫోన్‌లోనే ఏదో ఒక పెయింట్ యాప్ తెరిచి, చెరిపి, నాలుగు గీతలు గీసి, రంగు నింపేయొచ్చు. బొమ్మలు రాకపోయినా ఆ మాత్రం చేయగలరు. త్రీడీ లుక్‌లో అదే తిరగలి తప్పుగా వస్తే వెలుగు, నీడ, రాతి గరుకు అన్నీ మళ్లీ కుదరాలి, మీ చేతిలో ఉండదు. మళ్లీ ప్రాంప్ట్ (ఏం కావాలో టూల్‌కి రాసిచ్చే మాటలు) కొట్టడం, మళ్లీ క్రెడిట్లు (టూల్ వాడినప్పుడల్లా ఖర్చయ్యే పాయింట్లు) కాల్చడం తప్ప దారి లేదు.

త్రీడీ పూర్తిగా వద్దని అనను. దానికి ఒక మంచి గుణం ఉంది, తల తిప్పినా పక్కకి నడిచినా ముఖం రూపు చెడదు. టూడీలో ముక్కాలు ముఖం నుంచి పక్క ముఖానికి తిరిగేటప్పుడే ముక్కు, జుట్టు తేడా కొడతాయి. జంతువుల కథలకు, ముఖ్యంగా ఏనుగు, తాబేలు, కప్ప లాంటి గుండ్రటి ఒళ్లున్న వాటికి త్రీడీ బాగా నడుస్తుంది. మనుషులు, అందులోనూ చీరలు, పంచెలు వచ్చాయా, ఇబ్బంది మొదలవుతుంది. కుచ్చిళ్లు కాళ్లలో కలిసిపోతాయి, పాదాలు నేల మీద జారుతుంటాయి. పైగా ఆ పెద్ద కళ్లు, నున్నటి బుగ్గల త్రీడీ ముఖం ఇప్పుడు వందల ఛానళ్లలో ఉంది. పిల్లవాడు మీ వీడియో చూసి మళ్లీ వెతుక్కుంటూ రావాలంటే మీ బొమ్మ గుర్తుండాలి.

ఆనిమే ఎందుకు వద్దన్నానంటే, ఆ స్టైల్ అడగ్గానే టూల్ ముఖాలతో పాటు ఇళ్లు, వీధులు, భంగిమలు కూడా జపాన్‌వి తెచ్చిపెడుతుంది. మీ నానమ్మ ఊళ్లో కరెంటు స్తంభం కూడా టోక్యో వీధి స్తంభంలా వస్తుంది. ప్రతి షాట్‌లో దాంతో కొట్లాడాలి. మీ కథ ఆ ఊరిది, ఆ మనుషులది. స్టైల్ దాన్ని లాగేసుకోకూడదు.

ఇది ఏ స్టైల్‌కైనా కొంత వర్తిస్తుంది. పల్లెటూరి ముసలావిడ అని మాత్రమే రాస్తే తలమీద కొంగు కప్పుకున్న ఉత్తరాది అవ్వ వచ్చే అవకాశమే ఎక్కువ. కనపడే వివరాలు రాయాలి: తెల్ల జుట్టు ముడి, పెద్ద కుంకుమ బొట్టు, ముక్కుపుడక, తల మీద కొంగు లేదు, గూన పెంకుల ఇల్లు, మట్టి అరుగు, వాకిట్లో ముగ్గు. ఈ వరుస ఒకసారి కుదిరాక ఒక్క అక్షరం మార్చకుండా ప్రతి ప్రాంప్ట్‌లో అతికించండి. ముగ్గు మాత్రం దగ్గరి షాట్లలో పెట్టొద్దు, చుక్కలూ గీతలూ నిమిషానికో రకంగా మారతాయి.

ఇక చందమామ తరహా. మీరు ఆ మాట రాయగానే ఎందుకో నాకు అర్థమైంది. 1947 నుంచి వచ్చిన ఆ పత్రిక బొమ్మలు చూస్తూ పెరిగిన ఇంట్లో పుట్టినవాడిని. చిత్రా, వడ్డాది పాపయ్య, శంకర్ వేసిన బొమ్మల మీద నాకున్న ప్రేమ చెప్పనలవి కాదు. అందుకే చెప్తున్నాను, వాళ్ల పేర్లు గానీ బాపు గారి పేరు గానీ ప్రాంప్ట్‌లో పెట్టకండి. మన కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రకారుడి బొమ్మలకు ఆయన జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. బాపు గారు 2014లో పోయారు, అంటే 2074 చివరిదాకా. గీసే తీరు మీద మాత్రమే ఎవరికీ హక్కు ఉండదన్నది నిజమే. కానీ పేరు పెట్టి అడిగితే టూల్ తీరు దగ్గర ఆగుతుందని నమ్మకం లేదు, ఫలానా బొమ్మకే దగ్గరగా వెళ్లొచ్చు. 2025 జూన్‌లో డిస్నీ, యూనివర్సల్ కలిసి మిడ్‌జర్నీ అనే ఏఐ బొమ్మల టూల్ మీద దావా వేసింది తమ పాత్రలు అలా బయటికి వస్తున్నాయనే. అదే ఏడాది మార్చిలో అందరూ తమ ఫొటోలను జపాన్ స్టూడియో జిబ్లీ తరహా బొమ్మలుగా మార్చుకున్నారు, గుర్తుందా? నెల తిరిగేసరికి ఏ బొమ్మ ఎవరిదో తెలియనంత ఒకేలా అయిపోయాయి.

చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ బ్రష్ గీత కదిలే బొమ్మలో నిలవదు. ఒకచోట సన్నంగా, ఒకచోట లావుగా సాగే గీతకి ప్రాణం ఆ ఒత్తిడిలోనే ఉంది. ఏఐ వీడియోలో ఆ లావు ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ మారి గీత ఊపిరి తీస్తున్నట్టు కదులుతుంది. మీకు ఆ బొమ్మల్లో నచ్చింది ఏమిటో విడదీసి చూసుకోండి. ఖాళీ ఎక్కువగా వదిలిన ఆకాశమా? మట్టి రంగులా? పాత్రలు పక్కకి తిరిగి నిలబడే తీరా? ఆ గుణాలను మీ ఫ్లాట్ స్టైల్‌లోకి తెచ్చుకోండి. గీత మాత్రం అంతటా ఒకే లావుండాలి.

మన దగ్గరి బొమ్మల సంప్రదాయం కావాలనుకుంటే నేను మొదట చూపించేది చేర్యాల. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కళాకారులు ఖాదీ గుడ్డకి చింతగింజల అంబలి, సుద్దమట్టి పూసి, ఎర్రటి నేపథ్యం మీద కథలు వేస్తారు. ఆ పటాలను విప్పుతూ ఊరూరా కథలు చెప్పేవాళ్లు. అంటే అవి పుట్టిందే కథ చెప్పడానికి. గీత స్పష్టం, రంగులు చదును, నేపథ్యం ఒకే రంగు. కాగితం మీద చూస్తే ఏఐకి ఇంతకంటే అనువైనది లేదనిపిస్తుంది.

అయితే కదిలించబోతే ఏమవుతుందో ఒక స్కూల్ టీచర్ కోసం చేసినప్పుడు దగ్గరగా చూశాను. ఎర్ర నేపథ్యం మీద పసుపు ముఖంతో పక్కకి తిరిగి నిలబడ్డ రైతు. ఇమేజ్ బాగానే వచ్చింది. నడిపించమని వీడియో టూల్‌కి ఇస్తే రెండు అడుగులు వేసేలోపు ముఖం మనవైపు తిరగడం మొదలుపెట్టింది. ముక్కు పక్కన నీడ పడింది. చదునైన ఎరుపు కాస్తా సాయంకాలపు ఆకాశంలా పైన ముదురు, కింద లేత అయింది. టూల్‌కి లోతు, వెలుగు తెలిసినంతగా చదును తెలియదు, దానికి అలవాటైన చోటికి లాక్కుపోతుంది. అందుకని ఆ పని మొత్తం కటౌట్ పద్ధతికి మార్చాం. రైతు ఒళ్లు, తల, చేతులు, కాళ్లు విడివిడి లేయర్లుగా కోసి, కీళ్ల దగ్గర పిన్ పెట్టి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తిప్పాం. తోలుబొమ్మలాటలో చేసేది సరిగ్గా ఇదే. తోలుబొమ్మలకు పేరున్న ఊరు నిమ్మలకుంట. అక్కడి తోలుబొమ్మ భుజం, మోచేయి దగ్గర ముడులతో ఎలా కదులుతుందో ఏదైనా వీడియోలో చూడండి, ఒక్క గంటలో మీకు కటౌట్ యానిమేషన్ అర్థమైపోతుంది.

చేర్యాల దారిలో వెళ్తే ఒక విన్నపం. శిల్పారామం వెళ్లినప్పుడు చేర్యాల పని చేసేవాళ్లు ఎవరైనా కనిపిస్తే మాట్లాడండి. మీ కథలోని నాలుగు పాత్రలు, కాళ్లూ చేతులూ విడిగా, వేయించుకోండి. వీడియోలో వాడుకుంటామని ముందే చెప్పి, డబ్బు ఇచ్చి, పేరు వేయండి. ఏఐతో ఆ బొమ్మల నకళ్లు చేయించడం కంటే అందమైన పని వస్తుంది, పైగా పాత్ర ముఖం మారడం అన్న సమస్యే ఉండదు.

స్టైల్‌ని కథ బట్టి కూడా చూడాలి. యుక్తితో గెలిచే కథలకు, నవ్వు కథలకు ముఖంలో భావం కనపడాలి, అక్కడ ఫ్లాట్ టూడీ. రాత్రి, అడవి, దయ్యం ఉంటే నీడబొమ్మల స్టైల్ ఒకసారి ప్రయత్నించండి. నల్లటి ఆకారాలు, వెనక ఒకే రంగు వెలుగు. ముఖమే కనపడదు కాబట్టి ముఖం మారదు. జర్మనీలో లోటే రైనిగర్ 1926 నాటికే ఒక పూర్తి నిడివి సినిమాని నీడబొమ్మలతో చేసింది, చేత్తో కత్తిరించిన నల్ల కాగితాలతో. జోలపాటలకు, నెమ్మది కథలకు వాటర్‌కలర్ నిశ్చల చిత్రాల మీద కెమెరా మెల్లగా జరిపితే చాలు. వాటర్‌కలర్ మరకలు క్యారెక్టర్ మీద ఉంటే పాకుతాయి, కదలని బ్యాక్‌గ్రౌండ్‌లో ఉంటే హాయిగా ఉంటాయి.

కొన్ని చిన్న విషయాలు గబగబా చెప్పేస్తాను.

లిప్‌సింక్, అంటే మాటకు తగ్గట్టు పెదవులు కదిలించడం, దాని జోలికి పోకండి. మీవి నానమ్మ చెప్పే కథలు, కాబట్టి కథంతా ఒకే గొంతు చెప్పొచ్చు. పాత్రలు నోరు విప్పాల్సినచోట ముఖం పక్కకి తిప్పండి, లేదా వినేవాడి ముఖం చూపించండి. ప, బ, మ పలికేటప్పుడు పెదవులు మూసుకోవాలి, అది తప్పితే పిల్లలకి కూడా తెలిసిపోతుంది.

తెలుగు అక్షరాలు ఏఐతో బొమ్మలో రాయించకండి. వత్తులు, గుణింతాలు తరచూ చెడిపోతాయి. బోర్డు ఖాళీగా ఉంచి, మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లతో ఎడిటింగ్‌లో రాసుకోండి.

ఏఐ క్లిప్ నీళ్లలో తేలుతున్నట్టు మెత్తగా కదులుతుంటే, సెకనుకి 24 ఫ్రేములను 12కి తగ్గించండి, ఒక్కో ఫ్రేమ్ రెండుసార్లు నిలిచేలా. చేత్తో చేసే టూడీలో మేం ఎక్కువగా అలాగే చేసేవాళ్లం. కదలికకి కార్టూన్ పట్టు వస్తుంది, వణుకు కూడా తక్కువ కనిపిస్తుంది.

రంగులు ఆరో ఏడో ముందే ఖాయం చేసుకుని వాటి కోడ్‌లు రాసి పెట్టుకోండి. ఏ షాట్‌లో రంగు తప్పినా ఆ కోడ్‌కి తెచ్చి సరిచేయొచ్చు.

యూట్యూబ్ విషయం మీరు అడగలేదు గానీ స్టైల్‌కి సంబంధం ఉంది. నిజంలా కనిపించే ఏఐ వీడియోకి లేబుల్ పెట్టాలని 2024 మార్చి నుంచి యూట్యూబ్ అడుగుతోంది. చూడగానే కార్టూన్ అని తెలిసేదానికి ఆ అవసరం లేదు. ఇంకోటి, ఒకే మూసలో పోసి కుప్పలుగా వదిలే వీడియోలకు డబ్బు ఇవ్వబోమని 2025 జులైలో నిబంధనని మరింత స్పష్టం చేశారు. రోజుకో వీడియో లక్ష్యం పెట్టుకోకండి.

ఖాయం చేసేముందు ఈ పరీక్ష చేయండి. నచ్చిన రెండు స్టైల్స్ తీసుకుని, ఒక్కోదాంట్లో మీ నానమ్మ పాత్రతో ఐదు షాట్లు: ఎదురుగా నిలబడి, పక్కకి తిరుగుతూ, వెనక్కి తిరిగి దూరంగా నడిచి వెళ్తూ, మనవడి చేతిలో లడ్డు పెడుతూ, రాత్రి దీపం వెలుగులో. నాలుగో షాట్ అసలైనది. రెండు చేతులు, ఒక వస్తువు, ఇద్దరు మనుషులు కలిసే చోట స్టైల్ బలం బయటపడుతుంది. వేళ్లు లడ్డులో కలిసిపోతే ఆ స్టైల్‌లో ప్రాంప్ట్ నాలుగుసార్లు మార్చి చూడండి, అప్పటికీ కుదరకపోతే వదిలేయండి. నిలిచిన స్టైల్ షాట్లని ఫోన్‌లో, బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి, సౌండ్ లేకుండా చూడండి. ల్యాప్‌టాప్‌లో చూసి తేల్చొద్దు, మీ ప్రేక్షకులు అమ్మ ఫోన్‌లో చూస్తారు. ఇంట్లో నాలుగైదేళ్ల పిల్లలుంటే చూపించి, ఐదు షాట్లలో ఉన్నది ఒకే నానమ్మా కాదా అని మాత్రం అడగండి.

సబ్‌స్క్రిప్షన్: పరీక్షకి ఉచిత క్రెడిట్లు చాలు. స్టైల్ కుదిరాక ఒక్క నెలకి కట్టి, మొదటి కథ ఆ నెలలోనే పూర్తి చేయండి. ఏడాదికి ఎందుకు వద్దంటే, ఈ మోడళ్లకు కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా అదే ప్రాంప్ట్‌కి వేరే బొమ్మ వస్తుంది. కంపెనీ పాత వెర్షన్ తీసేసిందంటే సగం కథ ఒక ముఖంతో, సగం ఇంకో ముఖంతో మిగులుతుంది. ప్రతి షాట్ పక్కన టూల్ పేరు, వెర్షన్, సీడ్ నంబర్ (అదే బొమ్మకి దగ్గరగా మళ్లీ రప్పించడానికి పనికొచ్చే అంకె), వాడిన రెఫరెన్స్ ఇమేజ్ ఒక షీట్‌లో రాసి పెట్టుకోండి. క్యారెక్టర్ షీట్‌ని, అంటే ఎదురు, పక్క, వెనక, నాలుగు భావాలు ఉన్న బొమ్మని, టూల్ అకౌంట్‌లో కాకుండా మీ సొంత డ్రైవ్‌లో దాచుకోండి. రేపు ఏ టూల్‌కి మారినా మీతో వెళ్లేది అదే. ఐదు షాట్లు అయ్యాక ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.